విశ్వవిద్యాలయము మన వాకిటికి వచ్చినప్పుడు

(పాఠశాల వార్షికోత్సవ సభలో తలిదండ్రుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికమీద నిలిచి నేను నివేదిక చదువుట వాడుక. ఎందరు ఉత్తీర్ణులైరి, ఎవరెవరికి బహుమతులు వచ్చినవి, ఏ గది పైకప్పు కారుచున్నది మొదలగునవన్నియు అచ్చువేయించి మీ చేతికిచ్చియున్నాము. వానినే మరల చదివి మీకు విసుగు కలిగింపను. నేడు వేరొక విషయము ముచ్చటింప దలచితిని. విశ్వవిద్యాలయములలోను పరిశోధనశాలలలోను జరుగు పనికిని, మన యిండ్లలో మనము మాటలాడు మాటకును ఏమి సంబంధమున్నదో చెప్పవలెనని నా కోరిక. విషయము పెద్దది, నేను చదివినది కొంచెము. చదివినంతవరకే చెప్పెదను.

దీనికొక కారణమున్నది. రెండు నెలల క్రిందట ఒక తండ్రి నా గదికి వచ్చెను. ఆయన మన పాఠశాలలోనే చదువుకొన్నవాడు. ఇప్పుడాయన కుమార్తె మన మూడవ తరగతిలో నున్నది. బదిలీ పత్రము కావలెనని అర్జీ వ్రాసి తెచ్చెను. కారణమేమని అడిగితిని. "అయ్యవారూ, పిల్ల ఎన్ని బాసలని మోస్తుంది? ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగుళూరికి పోతే కన్నడం, పనికి పోతే ఇంగ్లీషు. ఒకటి తగ్గిస్తే దానికి తేలిక కదా" అనెను. కోపముతో అనలేదు, తెలుగుమీద ద్వేషముతో అనలేదు. పిల్లమీది ప్రేమతోనే అనెను. అందుచేతనే నాకు వెంటనే బదులు తోచలేదు. "నాలుగు దినాలు ఆగి రా, నాయనా" అంటిని. ఆ అర్జీ నా బల్ల సొరుగులోనే యున్నది.

ఆ రాత్రి నేను "మోయుట" అను మాటనుగురించి ఆలోచించితిని. భాష నిజముగా మూటయేనా? రెండవ మూట నెత్తినపెట్టినచో మొదటిది జారిపడునా? ఈ ప్రశ్నను మనకంటె ముందే అడిగినవారున్నారు. వారు చేసిన పని హైదరాబాదులోనే జరిగినది.

హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, అను పెద్ద ఆసుపత్రి కలదు. మతిమరపు వ్యాధితో అక్కడి వైద్యశాలకు వచ్చిన 648 మంది రోగుల వివరములను డాక్టరు సువర్ణ అల్లాడిగారును, ఎడింబరో విశ్వవిద్యాలయపు డాక్టరు థామస్ బాక్‌గారును, వారి సహచరులును కూడి పరిశీలించిరి. ఈ మతిమరపు తాళముచెవి ఎక్కడ పెట్టితిమో మరచుట వంటిది కాదు. కన్నబిడ్డ పేరు, నడచిన వీధి, తిన్న అన్నము కూడ మరపించు వ్యాధి. మీలో కొందరి యిండ్లలో పెద్దలకీ బాధ యున్నదని నేనెరుగుదును. ఆ 648 మందిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారు. తక్కినవారు ఒకే భాషవారు. ఒకే భాష మాటలాడువారికి వ్యాధి సగటున 61 ఏండ్ల ప్రాయమున తలచూపగా, రెండు భాషలవారికి 65 ఏండ్లు దాటిన పిమ్మట తలచూపినది. భేదము నాలుగున్నర యేండ్లు. 2013 నవంబరులో ఈ ఫలితము "న్యూరాలజీ" అను వైద్య పత్రికలో ప్రకటింపబడినది.

చదువుకొన్నవారు గనుక ఆలస్యమైనదేమో, పట్టణవాసులు గనుక ఆలస్యమైనదేమో యని సందేహము కలుగుట సహజము. పరిశోధకులు చదువును, వృత్తిని, స్త్రీపురుష భేదమును, పల్లె పట్టణ భేదమును వేరుచేసి లెక్క చూచిరి. అప్పటికిని భేదము నిలిచినది. అన్నిటికంటె నా మనస్సును పట్టినది మరియొక సంగతి. అక్షరము ముక్కరాని వారిలో కూడ రెండు భాషలవారికి వ్యాధి ఆరేండ్లు ఆలస్యముగా వచ్చినదట. పలకపట్టని అవ్వ సంతలో ఒక భాషయు ఇంటిలో ఒక భాషయు మాటలాడుటయే ఆమె బుద్ధికొక సాముగరిడీ యైనదన్న మాట.

ఈ పరిశోధనకు హైదరాబాదే తగిన చోటగుటకు కారణమున్నది. పశ్చిమ దేశములలో రెండు భాషలు మాటలాడువారు చాలవరకు వేరు దేశములనుండి వలసవచ్చినవారు. వారిలో కనబడు భేదము భాషవలన కలిగినదా, వలస జీవనమువలన కలిగినదా అని తేల్చుట కష్టము. హైదరాబాదులో పుట్టి పెరిగినవాడే తెలుగును దక్కనీ ఉర్దూను హిందీని కలిపి మాటలాడును. మన హోసూరు వీధులలో తెలుగును, తమిళమును, కన్నడమును కలసిపోయినట్లే. లోకము మనవంటి ఊళ్లనుండి నేర్చుకొనవలసినది కొంత యున్నదని నాకు అప్పుడు తెలిసినది.

తరువాత అదే నగరమున పక్షవాతము వచ్చిన 608 మందినిగూర్చి చేసిన మరియొక పరిశీలన 2016 లో వెలువడినది. వ్యాధి తరువాత కూడ ఆలోచనాశక్తి చెడక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది. ఒకే భాషవారిలో నూటికి 20 మందికంటె కొంచెము తక్కువ. డాక్టరు సువర్ణగారు పిమ్మట మన పొరుగుననే బెంగుళూరు నిమ్హాన్సులో ఆచార్యులైరి. మనవారు తలకు సంబంధించిన జబ్బులకు బస్సెక్కి పోవు ఆసుపత్రి అదియే గదా.

ఇప్పుడు నేను జాగ్రత్తగా మాటలాడవలెను. ఉపాధ్యాయుడు తనకు అనుకూలమైన ఫలితమును చెప్పి అననుకూలమైనదానిని దాచుట తగదు. రెండు భాషలు వచ్చినవారికి ఆ వ్యాధి రాదని ఎవరును చెప్పలేదు. ఆసుపత్రికి వచ్చినవారిని చూచి కట్టిన లెక్క యిది. ఇతర దేశములలో ఆరోగ్యవంతులైన వృద్ధులను కొన్ని యేండ్లు వెంబడించి చూచిన కొన్ని పరిశీలనలలో ఇట్టి భేదము కనబడలేదు. వైద్యులలో ఈ విషయమై వాదము నడచుచునే యున్నది. హైదరాబాదు పరిశీలనలోనే మూడవ భాష, నాలుగవ భాష వలన అదనపు మేలు కనబడలేదు. కాబట్టి "నాలుగు భాషలు నేర్పండి, నూరేండ్లు బ్రతుకుదురు" అని నేను మీకు మందు అమ్ముటలేదు. ఆ తండ్రితో నేను చెప్పదలచినది ఇంతే: రెండవ భాష మొదటిదానిని క్రిందికి త్రోయు మూట అని భయపడుటకు ఆధారము లేదు, తగ్గించినచో బుద్ధికి తేలిక యగునన్న నమ్మకమునకును ఆధారము లేదు.

పిల్లలనుగురించి కూడ పని జరిగినది. 2016 మొదలు 2020 వరకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు మన దేశపు సంస్థలతో కూడి, ఢిల్లీ, హైదరాబాదు, పాట్నా ప్రాంతములలోని ప్రాథమిక పాఠశాలల పిల్లల చదువును పరిశీలించిరి. ఇంగ్లీషు మాధ్యమమని పలక వ్రేలాడదీసిన బడులలో కూడ పాఠము చాలవరకు ఇంటిభాష కలిసిన మాటలతోనే జరుగుట వారు చూచిరి. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఇంగ్లీషు బడికి పోయిన మన పిల్లలు సాయంకాలము మన ఉపాధ్యాయినుల వద్దకే ప్రైవేటుకు వచ్చి "ఇది తెలుగులో చెప్పండి టీచరు" అని అడుగుటయు మీరెరుగుదురు.

సరే, అయ్యవారూ, ఇంటిలో తెలుగు మాటలాడితే చాలదా, బడిలో అక్షరములెందుకు, అని మీరడుగవచ్చును. ఆ వైద్యుల పరిశీలన మాటలాడుటనుగూర్చినదే గాని చదువుటనుగూర్చినది కాదు. ఈ ప్రశ్నకు వారి పుస్తకములో జవాబు లేదు. నా జవాబు మరియొక గ్రంథములో దొరికినది. దానికి ముందు నేనొక తప్పు ఒప్పుకొనవలెను.

నేను ఉపాధ్యాయుడనైన రెండవ సంవత్సరమో మూడవ సంవత్సరమో, అయిదవ తరగతి పిల్లలకు "మా తాత" అని వ్యాసము వ్రాయుమని ఇచ్చితిని. ఒక బాలుడు "మా తాత తెల్లవారి లేచి మడక కట్టుకొని చేనికి పోతాడు" అని వ్రాసెను. నేను ఎర్రసిరాతో "మడక" కొట్టివేసి పైన "నాగలి" అని వ్రాసి ఒక మార్కు తగ్గించితిని. మా వాచకములో నాగలి యని యుండెను. బాలుడు లేచి "ఇంట్లో మడక అనే అంటారు సార్" అనెను. "మీ తాత పరీక్ష వ్రాయడు గదా" అంటిని. తరగతి అంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆ బాలుడు బెంగుళూరులో లారీ నడుపుచున్నాడని విన్నాను. ఆ నవ్వు అతనికి జ్ఞాపకమున్నదో లేదో నాకు తెలియదు. నాకు మాత్రము జ్ఞాపకమున్నది.

కొన్ని సంవత్సరములకు ఒక గ్రంథాలయములో "మాండలిక వృత్తి పదకోశము" అను పుస్తకము నా చేతికి వచ్చినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962 లో ప్రకటించిరి. మొదటి సంపుటమంతయు వ్యవసాయపు మాటలే. కృష్ణమూర్తిగారు ఒంగోలులో జన్మించి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రములో పట్టము పొంది వచ్చినవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర శాఖను నెలకొల్పిరి. పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, 2012 లో స్వర్గస్థులైరి. ద్రావిడ భాషలనుగూర్చి వారు వ్రాసిన గ్రంథమును 2003 లో కేంబ్రిడ్జివారు అచ్చువేసిరి. ఇంతటి పండితుడు నిఘంటువు కొరకు ప్రబంధములు తిరుగవేయుటతో తృప్తిపడక ఊరూర రైతులను అడిగించెను. ప్రశ్నల పట్టికలతో జిల్లాలకు మనుష్యులను పంపి, దీనిని మీరేమందురు, ఈ భాగమునకు పేరేమి, ఈ పనిని ఏమని పిలుతురు, అని అడిగి, రైతు పలికినది పలికినట్లే వ్రాయించెను. సవరింపలేదు. ఏ మాట ఏ ప్రాంతమున వినబడునో ప్రక్కన సూచించెను.

ఆ పుటలు త్రిప్పుచుండగా మడక కనబడినది. రాయలసీమ రైతుల మాటగా గౌరవముతో కూర్చున్నది. మోట అను చోట కపిల అనువారున్నారు, అరక అనువారున్నారు, నాగలి అనువారున్నారు. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని యెక్కడను లేదు. విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చేతులు జోడించి అడిగి తీసికొన్న మాటను, నెలజీతపు పంతులు ఎర్రసిరాతో కొట్టివేసెను!

ఆ మాటల ఆధారముతోనే కృష్ణమూర్తిగారు తెలుగు నేలను ఉత్తరము, దక్షిణము, తూర్పు, మధ్యము అని నాలుగు మాండలిక మండలములుగా విభజించిరి. 1971 లో చేనేత మాటల సంపుటము వచ్చినది. పడుగు, పేక, నాడె, అచ్చు వంటి మాటలు నేతగాని మగ్గపు గుంటనుండి గ్రంథమునకు వచ్చినవి. తరువాత ఇతర వృత్తులవారి మాటలకును సంపుటములు వెలువడినవి.

ఇక్కడనే మనకు కష్టము కలుగు సంగతి యున్నది. ఆ సర్వే నాటి ఆంధ్రప్రదేశ్ ఎల్లవరకే సాగినది. ఎల్లకీవలనున్న మన మొరసునాటి పల్లెలకు ఆ ప్రశ్నల పట్టిక రాలేదు. 2011 జనాభా లెక్కలలో తమిళనాడునందు తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియున్నారు. ఇంతమంది మాటలాడు మాటలలో కొన్ని రాయలసీమతో కలియును. కొన్నింటిలో తమిళపు చాయ, కొన్నింటిలో కన్నడపు చాయ యుండును. కొన్ని మరెక్కడను మిగలని పాతమాటలు కావచ్చును. వానిని ఎవరు వ్రాసిరి? ఆ బాలుని తాత చనిపోయెను. చేనిలోనికి ట్రాక్టరు వచ్చెను. కపిల పోయి కరెంటు మోటారు వచ్చెను. వస్తువు పోయినప్పుడు మాట పోవుట సహజమే, నేను దానికి కన్నీరు కార్చను. కాని వ్రాయకుండ పోయిన మాట నిజముగా పోయినట్లే. వ్రాయుటకు అక్షరము వచ్చినవాడు ఆ ఇంటిలోనే ఉండవలెను. బడిలో అక్షరములెందుకన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబిది.

ఇంకొక వార్త చెప్పి ముందుకు పోయెదను. 2018 లో జర్మనీలోని మాక్స్ ప్లాంకు సంస్థవారును, డెహ్రాడూనులోని వన్యప్రాణి సంస్థవారును కూడి ద్రావిడ భాషా కుటుంబపు వయస్సు సుమారు 4,500 సంవత్సరములని లెక్క కట్టిరి. ఏనుగులను, పులులను పరిశీలించు సంస్థకు భాషలతో పనియేమని మీకు నవ్వు రావచ్చును. మన అడవి అంచు పల్లెలవారు ఏనుగులను లెక్కించు వారినే చూచియున్నారు గాని మాటలు లెక్కించు వారిని చూచియుండరు. జీవజాతులు శాఖలుగా చీలిన క్రమమును కనుగొను గణితమునే భాషలకు అన్వయించిరి. అందుకొరకు ఇరువది ద్రావిడ భాషలలో, భాషకు నూరేసి చొప్పున, దినదినము వాడు మాటలను ఆయా భాషలవారి నోటనే విని సేకరించిరట. అంత పెద్ద లెక్కకును మూలము నోటిమాటయే.

విశ్వవిద్యాలయములు గోడలు దాటి ప్రజలవద్దకు రావలెనన్న భావము నేటిది కాదు. మహాత్ముని శతజయంతి సంవత్సరమున, 1969 లో, జాతీయ సేవా పథకము ప్రారంభమైనది. 2014 లో ఉన్నత భారత్ అభియాన్ అనుపేర విద్యాసంస్థలు పల్లెలను దత్తత తీసికొను ఏర్పాటు జరిగినది. చెట్లు నాటుదురు, రక్తదానము చేయింతురు, బాటలు ఊడ్తురు. మంచి పనులే. కాని వచ్చినవారు మనకు ఏదో ఇచ్చిపోవుటకే వచ్చితిమని తలంతురు. మనవద్ద తీసికొనదగినది ఉన్నదని తలచువారు తక్కువ.

తీసికొని తిరిగిచూడనివారు మరియొక విధము. కొన్ని యేండ్ల క్రిందట ఒక పరిశోధక విద్యార్థి మన ఊరికి వచ్చెను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. మూడు దినములు మా యింటనే భోజనము చేసి, ముసలివారిని కూర్చోబెట్టి పాటలు, సామెతలు టేపులో పట్టుకొని పోయెను. ప్రతి పంపెదనని మాట ఇచ్చెను. నేను రెండు ఉత్తరములు వ్రాసితిని. జవాబు లేదు. ఆ పాటలు పాడిన అవ్వ కాలము చేసినది. ఆమె గొంతు ఏదో బీరువాలో నున్నది. ఆమె మనుమలకు లేదు. కాబట్టి ఇకమీదట ఎవరు వచ్చినను, ఒక ప్రతి మన పాఠశాలలో ఉంచిన తరువాతనే తీసికొని పోవలెనని సంఘమువారు తీర్మానము చేయవలసినదిగా ఈ సభాముఖమున కోరుచున్నాను. కుప్పములో 1997 లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము మనకు ఎంతో దూరములో లేదు. వారికి ఉత్తరము వ్రాయుటకు సంఘ కార్యదర్శిగారు అంగీకరించియున్నారు. ఒట్టి చేతులతో కాక కొంత పని చేసి చూపి పిలిచినచో మన మాటకు విలువ యుండును.

ఆ పని మొదలైనది. ఈ సంవత్సరము ఆరవ తరగతి నుండి తొమ్మిదవ తరగతి వరకు ప్రతి విద్యార్థికిని ఒక నూరు పుటల పుస్తకము ఇచ్చితిమి. ప్రతి శనివారము ఇంటిలో పెద్దవారిని ఒక పనినిగూర్చి అడిగి మాటలు వ్రాసి తేవలెను. ఒక వారము రాగి పంట, ఒక వారము పశువులు, ఒక వారము వంట, ఒక వారము చుట్టరికములు. మాట, దాని అర్థము, చెప్పినవారి వయస్సు, వారి ఊరు వ్రాయవలెను. ఏ పిల్లవాడును పెద్దవారి మాటను సవరింపరాదు, ఏ ఉపాధ్యాయుడును ఎర్రసిరా తాకింపరాదు. తమిళమునుండి వచ్చినదని తోచినను, కన్నడమునుండి వచ్చినదని తోచినను కొట్టివేయరాదు. తమిళము మనకు అన్నము పెట్టిన నేల భాష. 2006 నాటి చట్టము తరువాత బడిలో తప్పనిసరిగా నేర్చుచున్న భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెననియే నా అభిమతము. ఒక మాట మన యింటికి వచ్చి స్థిరపడినచో అదియు మన బంధువే.

మొదట కొందరు తల్లులు వచ్చి "మా అత్త నోటిలో మాటలు బడిలో రాస్తే నగుబాటు కాదా సామీ" అని సంకోచించిరి. తరువాత ఒక అవ్వ తానే కర్రపట్టుకొని బడికి వచ్చి, మనుమడు తన మాట తప్పు వ్రాసెనని నాతో తగవులాడెను. ఆమె చెప్పినది జడ్డిగము, విత్తనము పోయు గొర్రుమీది చిప్ప. పిల్లవాడు ఆ వస్తువును చూచియుండలేదు గనుక ఏదో గిన్నె అని వ్రాసినాడు. ఆమె నేలమీద కర్రతో బొమ్మ గీసి చూపెను. ఏడవ తరగతి అంతయు వరండాలో గుమిగూడి చూచినది. గణితపు పీరియడు పోయినది. గణితము అయ్యవారు కూడ అక్కడనే నిలుచుండిరి.

ఆ తండ్రిని తిరిగి పిలిపించితిని. నేను చదివినదంతయు, అనుకూలమైనదియు అననుకూలమైనదియు, ఇప్పుడు మీకు చెప్పినట్లే చెప్పితిని. మన బడిలో ఇంగ్లీషు బోధన బలహీనముగా నున్నదని ఆయన అన్నమాట నిజము. దానిని నేను కాదనలేదు. వచ్చే జూను నుండి మూడవ తరగతి మొదలు దినమునకు ఒక పీరియడు అదనముగా ఇంగ్లీషు సంభాషణకు కేటాయించుచున్నాము. ఆ ఉపాధ్యాయిని జీతమునకు సంఘము విరాళము సేకరింపవలసియున్నది. ఆయన "ఆలోచిస్తా అయ్యవారూ" అని పోయెను. ఆయన మరల వచ్చి అడిగినచో బదిలీ పత్రముమీద సంతకము చేసి ఇచ్చెదను. పిల్ల ఆయనది. ఆయన ఈ సభలో ఎక్కడనో కూర్చుండియే యున్నాడు.

పిల్లలు నింపిన పుస్తకములు వెలుపలి గదిలో బల్లమీద పెట్టియున్నవి. భోజనమునకు ముందు అందరును చూచి పోవలెనని ప్రార్థన. తప్పు అర్థము కనబడినచోట ప్రక్కన వ్రాయుటకు పెన్సిళ్లు కూడ ఉంచితిమి. ఆవుకు, ఎద్దుకు సంబంధించిన పుటలలో ఇంకను చాల ఖాళీ యున్నది. పశువులున్న ఇండ్లవారు కొంతసేపు అక్కడ కూర్చుండి పిల్లలకు చెప్పవలెను.